కారు కూడా రైలెక్కుతుంది

మీ ప్రయాణాలు – మా జవాబులు

ప్రశ్న: అక్కా, మాది వర్జీనియాలో యాష్‌బర్న్. ఏలూరు నుంచి అమ్మా నాన్నా వచ్చారు, ఫిబ్రవరిలో తిరిగి వెళ్లిపోతారు. క్రిస్మస్ సెలవుల్లో వాళ్లకీ పిల్లలకీ డిస్నీ వరల్డ్ చూపించాలని ఉంది. పిల్లలకి ఏడేళ్లు, మూడేళ్లు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, గంట కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయి. మావారేమో కారులోనే పోదాం, మధ్యలో ఒక రాత్రి హోటల్లో ఆగుదాం అంటున్నారు. ఆరుగురికి ఫ్లైట్ టికెట్లు, అక్కడ దిగాక మళ్లీ వ్యాన్ అద్దె అంటే భయమేస్తోంది. కారుని కూడా ఎక్కించుకునే రైలు ఒకటుందని ఆఫీసులో చెప్పారు. పెద్దవాళ్లతో కుదురుతుందా? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు, యాష్‌బర్న్

జవాబు: కుదురుతుందమ్మా. మీ ఉత్తరం చదువుతుంటే మా ఇల్లే గుర్తొచ్చింది. మేం ఆ రైల్లో మూడుసార్లు వెళ్లాం. మొదటిసారి అత్తయ్యనీ మామయ్యనీ తీసుకుని, ఇద్దరు చిన్నపిల్లలతో. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

దాని పేరు ఆటో ట్రైన్. ప్రయాణికుల రైళ్లు నడిపే అమెరికా సంస్థ ఆమ్‌ట్రాక్ దీన్ని నడుపుతుంది. మీ ఇంటి నుంచి గంట దూరంలో ఉన్న లోర్టన్‌లో రోజూ సాయంత్రం 5 గంటలకి బయల్దేరి, మర్నాడు పొద్దున 10 ప్రాంతంలో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్ చేరుతుంది. 855 మైళ్లు. మధ్యలో ఎక్కేవాళ్లూ ఉండరు, దిగేవాళ్లూ ఉండరు. సౌత్ కరోలినాలో ఫ్లోరెన్స్ దగ్గర రాత్రిపూట కాసేపు ఆగుతుంది. అది సిబ్బంది మారడానికీ, ఇంజన్లకి డీజిల్ పట్టడానికీ. మనుషులు ముందు పెట్టెల్లో, కార్లు వెనక మూసి ఉన్న వ్యాగన్లలో అంతస్తులుగా.

మా మామయ్య కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. గూడ్సు బండి గూడ్సు బండే, ప్యాసింజరు బండి ప్యాసింజరు బండే అన్నది ఆయన లెక్క. రెండూ కలిసి ఒకే ఇంజను వెనక పోతాయని చెబితే, "చూస్తే గానీ నమ్మను" అన్నారు. లోర్టన్‌లో మేం కారు దిగగానే ఒకాయన డ్రైవర్ వైపు తలుపు మీద అయస్కాంతంతో అంటుకునే నంబరు అతికించాడు. మాది 147. కారు చుట్టూ వీడియో తీశారు, ముందు నుంచీ ఉన్న గీతలేవో సొట్టలేవో తెలియడానికి. తాళంచెవి వాళ్లకే ఇచ్చేయాలి. వాళ్ల మనిషి మా కారెక్కి నడుపుకుంటూ వెళ్లి, ర్యాంపు మీదుగా వ్యాగన్‌లోకి పోనిచ్చాడు. మామయ్య అటే చూస్తూ నిలబడిపోయారు. తర్వాత పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఈ చివరి నుంచి ఆ చివర కనపడక మధ్యలో ఆపేశారు. అన్నీ కలిపాక ఆ బండి ముప్పావు మైలు వరకూ ఉంటుంది మరి.

ఎప్పటినుంచి నడుస్తోంది అని ఆయన అక్కడ కనపడిన ప్రతివాళ్లనీ అడిగారు. 1971 డిసెంబర్ 6న ఒక ప్రైవేటు కంపెనీ ఇవే ఊళ్ల మధ్య మొదలుపెట్టింది. ఆ కంపెనీ దివాలా తీసి 1981లో బండి ఆగిపోయింది. 1983 అక్టోబర్‌లో ఆమ్‌ట్రాక్ మళ్లీ పట్టాలెక్కించింది. మీ నాన్నగారు కూడా అడుగుతారు, చెప్పండి.

ఇక ఖర్చు. ఫలానా ఇంత అని నేను రాయను, ఎందుకంటే రోజుని బట్టి మారుతుంది. కారుకి వేరే, మనుషులకి వేరే, గది తీసుకుంటే దానికి వేరే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. చలికాలం మొదలవగానే ఉత్తరాది పెద్దవాళ్లు కార్లతో సహా ఫ్లోరిడాకి తరలిపోతారు, ఎండలు ముదిరేలోపు తిరిగొస్తారు. కాబట్టి క్రిస్మస్ ముందు కిందికి వెళ్లే టికెట్లు ఖరీదు, వసంతంలో పైకి వచ్చేవి ఖరీదు. ముందు గదులు అయిపోతాయి, తర్వాత ధర పెరుగుతుంది. ఈ వారంలోనే చూడండి.

పోల్చేటప్పుడు పెట్రోలు ఒక్కటే పెట్టి చూడకండి. మీవారి లెక్కలో రెండు రోజుల పెట్రోలు, ఒక రాత్రికి రెండు హోటల్ గదులు, దారిలో నాలుగు పూటల తిండి ఉన్నాయి. వచ్చేటప్పుడు మళ్లీ అంతా. విమానమైతే ఆరు టికెట్లు, సామాన్ల రుసుం, వ్యాన్ అద్దె, ఇద్దరు పిల్లలకి కారు సీట్లు. భార్యాభర్తలు ఇద్దరే అయితే విమానమే మేలని నేనే చెప్తాను. ఆరుగురు, అందులో ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు చిన్నవాళ్లు అన్నప్పుడు లెక్క మారిపోతుంది. పైగా ఐ-95 హైవే మీద ఫ్రెడరిక్స్‌బర్గ్ దాటడానికే సెలవు రోజుల్లో ఎంత టెన్షనో మీవారికి తెలియంది కాదు. ఆ రోడ్డు మీద మీ అమ్మగారిని పదమూడు, పద్నాలుగు గంటలు కూర్చోబెట్టకండి, రెండు రోజులుగా విడగొట్టినా సరే. రైల్లో ఆవిడ లేచి నాలుగడుగులు వేయొచ్చు, కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. నాకు అన్నిటికంటే పెద్ద కారణం అదే.

గదుల సంగతి జాగ్రత్తగా చూడండి, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. రైలు పెట్టెకి రెండు అంతస్తులు. ఎక్కే తలుపు కింద ఉంటుంది. పైకి వెళ్లాలంటే ఇరుకు మెట్లు, మధ్యలో మలుపు. అమ్మగారి కోసం కింది అంతస్తు గదులే అడగండి. కింద ఒక ఫ్యామిలీ బెడ్‌రూమ్ ఉంటుంది, పెట్టె వెడల్పంతా ఆ గదే, రెండువైపులా కిటికీలు. పెద్దవాళ్లకి రెండు బెర్తులు, పిల్లలకి పొట్టివి రెండు. అది కాక రూమెట్ అని ఇద్దరు పట్టే చిన్న గది. మీకు ఈ రెండూ కలిపితే ఆరుగురికీ సరిపోతుంది.

అయితే అమ్మానాన్నల్ని ఇద్దర్నీ రూమెట్‌లో పెట్టకండి. అక్కడ ఒక బెర్తు కింద, ఒకటి పైన. ఇద్దరిలో ఒకరు పైకెక్కాల్సి వస్తుంది. పై బెర్తులో తల ఎత్తి కూర్చోవడానికి కూడా చోటుండదు. రూమెట్‌లో కింద అమ్మగారు, పైన మీరు. పెద్ద గదిలో కింది బెర్తు నాన్నగారికి, పైది మీవారికి, పొట్టి బెర్తులు పిల్లలకి. మేం మొదటిసారి ఇలా చేయక, రాత్రి పదింటికి అందరం గదులు మారాం. ఈ రెండు గదుల్లోనూ లోపల బాత్రూమ్ ఉండదు. అదే అంతస్తులో, నాలుగడుగుల దూరంలో ఉంటుంది. లోపల బాత్రూమ్ ఉన్న మామూలు బెడ్‌రూమ్‌లు పై అంతస్తులో ఉంటాయి, కాబట్టి మీకు మెట్లతో ఇబ్బంది. డైనింగ్ పెట్టెకి కూడా పై అంతస్తు మీదుగానే పోవాలి. అమ్మగారు ఎక్కలేకపోతే భోజనం గదికే తెచ్చిపెట్టమని అటెండెంట్‌కి చెప్పండి, తెస్తారు. గదులు తీసుకున్నవాళ్లకి రాత్రి భోజనం టికెట్లోనే కలిసి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ ప్రయాణం బాగుండాలంటే అంతా ఒక్క సంచిలో ఉంది.

లోర్టన్‌లో కారు మధ్యాహ్నం 3 గంటలకల్లా అప్పగించాలి. ఆ తర్వాత వచ్చిన కారుని తీసుకోరు. మీరు పన్నెండున్నరకి అక్కడుండేలా బయల్దేరండి. కారు అప్పగించాక మర్నాడు శాన్‌ఫర్డ్‌లో చేతికొచ్చేదాకా అందులో ఏమున్నా మీది కాదనుకోండి. రైలు కదిలాక వెనక వ్యాగన్ల దగ్గరికి ఎవర్నీ పోనివ్వరు. సామాన్లన్నీ కారులోనే ఉంటాయి కాబట్టి మోసే బాధ లేదు, అది ఎంతో హాయి. కానీ రాత్రికి కావాల్సింది వేరుగా తీసి పెట్టుకోకపోతే మాత్రం ఏమీ చేయలేం.

మాకు జరిగింది చెప్తాను. నాలుగు గంటలకి బండెక్కి సర్దుకుంటున్నాం. అత్తయ్య నెమ్మదిగా, "అమ్మాయ్, నా మందుల సంచీ ఏదీ?" అన్నారు. హన్మకొండ చీరల షాపు వాళ్లిచ్చిన ఆకుపచ్చ సంచి. అందులో బీపీ మాత్రలు, కళ్లజోడు పెట్టె, కంట్లో వేసుకునే చుక్కల మందు. పొద్దున నేనే దాన్ని జాగ్రత్తగా డిక్కీలో, కుక్కర్ పక్కన ఇరికించాను, ఒరిగిపోకూడదని. అటెండెంట్‌ని అడిగితే ఆవిడ మర్యాదగానే చెప్పింది, కారు లోపలికి వెళ్లిపోయింది, ఇక తీయడం కుదరదని. మా ఆడపడుచు డాక్టరు, హైదరాబాద్‌లో ఉంటుంది. అక్కడ అర్ధరాత్రి దాటింది. అయినా ఫోన్ చేసి లేపాను. ఏ మాత్రో, ఎంత డోసో అడిగి, ఆ ఒక్క పూటకి ఫర్వాలేదు, పొద్దున మాత్రం రెండూ కలిపి వేయొద్దు అని చెప్పింది. అత్తయ్య నిశ్చింతగా పడుకున్నారు. నేను మాత్రం రాత్రంతా ఆవిడ ఊపిరి వింటూ పై బెర్తు మీద కళ్లు తెరుచుకునే ఉన్నాను. ఆ భయం మీకు వద్దు. మందులు ముందు రోజు రాత్రే మీ హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకోండి. రెండు పూటలవి కాదు, నాలుగు పూటలవి. బండి ఆలస్యమైనా ధైర్యంగా ఉంటుంది.

ఆ సంచిలో ఇంకేముండాలంటే, అందరికీ ఒక జత బట్టలు, బ్రష్షులు, అమ్మగారికి స్వెట్టరూ సాక్సులూ, మూడేళ్ల బిడ్డకి రాత్రి పక్కన లేకపోతే నిద్రపట్టని బొమ్మ, ఛార్జర్లు, తడి తుడుపు కాగితాలు. గదుల్లో దుప్పట్లు ఇస్తారు. అయినా ఏసీ చల్లగా ఉంటుంది, ఒక శాలువ ఉండనివ్వండి. ఇంటి తాళాలు కారు తాళంచెవి గుత్తి నుంచి విడదీసి దగ్గర ఉంచుకోండి. కారు అలారం ఆపేయండి.

తిండి విషయంలో అక్కడి భోజనం మీద పూర్తిగా ఆధారపడకండి. పిల్లలు తింటారు. పెద్దవాళ్లకి ఆ చప్పిడి కూర ఎక్కదు. మా అత్తయ్య చింతపండు పులిహోర చేశారు, మర్నాటికి కూడా పాడవలేదు. చపాతీలు, పొడిగా వేయించిన బంగాళదుంప, డబ్బాలో పెరుగన్నం. ఇంటి భోజనం మీ గదిలో కూర్చుని తినొచ్చు, కానీ వేడి చేసి ఇవ్వరు. చల్లారినా బాగుండేవే చేసుకోండి. ఫ్లోరిడాలో అద్దెకి తీసుకున్న ఇంట్లో వండుకుందామని చిన్న గ్యాస్ స్టవ్, సిలిండర్ డబ్బాలు డిక్కీలో వేసుకుంటారు కొందరు. మండే గ్యాస్ రైల్లోకి పనికిరాదు, కారు లోపల ఉన్నా సరే. రైస్ కుక్కర్, ఇడ్లీ పాత్ర తీసుకెళ్లండి, అవి చాలు.

డిసెంబర్‌లో బండి కదిలేసరికే పొద్దుగూకిపోతుంది. వేసవిలో అయితే ఎడమ పక్కన పొటోమాక్ నది కనపడుతుంది, మీకు ఆ అదృష్టం ఉండదు. దానికి బదులు ఇంకొకటుంది. గంటన్నర పోయాక, రిచ్‌మండ్‌కి ముందు యాష్‌లాండ్ అని చిన్న ఊరొస్తుంది. అక్కడ పట్టాలు ఊరి మధ్యగా, వీధి నడుమ పోతాయి. అటూ ఇటూ ఇళ్లు, వరండాలు. క్రిస్మస్ రోజుల్లో ఆ వరండాలకి దీపాలు కడతారు. గదిలో లైటు తీసేసి పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. మేం వెళ్లినప్పుడు ఒక ఇంటి గుమ్మంలో చిన్న పాప రైలుకి చెయ్యి ఊపింది. మా అమ్మాయి కూడా ఊపింది. మామయ్య ఇటు నుంచి ఊపుతూనే ఉన్నారు, ఆ ఇల్లు దాటిపోయినా. గేట్ల దగ్గర కూత వినపడగానే "ఇది మన కూత కాదు, కానీ కూతే" అన్నారు. ఆ రాత్రి ఆయన పసిపిల్లవాడిలా సంతోషంగా ఉన్నారు. అది చూడ్డానికైనా మీ నాన్నగారిని తీసుకెళ్లండి.

పొద్దున జాక్సన్‌విల్ ప్రాంతంలో తెల్లారుతుంది. ఇక్కడ మోడుబారిన చెట్లు చూసి ఎక్కుతారు, అక్కడ పచ్చటి చెట్లు, ఈతచెట్లలాంటివి కిటికీ బయట. శాన్‌ఫర్డ్‌కి కాస్త ముందు సెయింట్ జాన్స్ నది దాటుతారు.

దిగగానే కారు చేతికి రాదు. వ్యాగన్లు విడదీసి, ర్యాంపులు పెట్టి, ఒక్కొక్కటీ కిందికి దించుతారు. గంట పట్టొచ్చు, ఇంకాస్త ఎక్కువా పట్టొచ్చు. మీరు ముందుగా అప్పగించారు కదా అని ముందుగా రాదు. ముందు ఇవ్వడానికి అదనంగా డబ్బు కట్టే పద్ధతి ఉంది, కొన్ని కార్లకే. మీరు తీసుకోండి, అమ్మగారి కోసం. అది దొరకకపోతే పిల్లలకి నంబరు చీటీ ఇచ్చి కూర్చోబెట్టండి. మైకులో నంబర్లు పిలుస్తుంటే అచ్చం హౌసీ ఆటలా ఉంటుంది. "వన్ ఫార్టీ సెవెన్" అని వినపడగానే మావాడు హాలంతా దద్దరిల్లేలా అరిచాడు.

బండి ఆలస్యం కావచ్చు. పట్టాలు చాలావరకూ సరుకు రవాణా కంపెనీవి, గూడ్సు బళ్లూ వాటి మీదే పోవాలి. అందుకని చేరిన రోజుకి డిస్నీ టికెట్ కొనకండి. శాన్‌ఫర్డ్ నుంచి అక్కడికి గంట ప్రయాణం. దారిలో క్యాసెల్‌బెర్రీలో హిందూ దేవాలయం ఉంది. మేం ఆ రోజు గుడికి వెళ్లి, ఇంటికి చేరి, అన్నం వండుకుని, అత్తయ్యకి మాత్ర ఇచ్చి పడుకున్నాం. పార్కు మర్నాడే.

రెండు స్టేషన్లలోనూ వీల్‌చైర్ సాయం ఉంటుంది, బుకింగ్ అప్పుడే అడగండి. అమ్మగారు వద్దంటారు. అయినా అడగండి.

ప్రశ్న: మేం రిచ్‌మండ్‌లో ఉంటాం. ఆటో ట్రైన్ మా ఊరి మీదుగానే పోతుంది కదా, ఇక్కడే కారుతో ఎక్కే వీలుందా? పోనీ కారు లేకుండా మనుషులమే ఎక్కొచ్చా?
— ఒక పాఠకుడు, రిచ్‌మండ్

జవాబు: రెండూ కుదరవండి. కార్లెక్కించే ర్యాంపులు లోర్టన్‌లో, శాన్‌ఫర్డ్‌లో మాత్రమే ఉన్నాయి. వాహనం లేనివాళ్లకి ఈ రైల్లో టికెట్ ఇవ్వరు. మీరు కారుతో ఎక్కాలంటే దాదాపు 90 మైళ్లు ఉత్తరానికి వెళ్లి, మళ్లీ మీ ఊరి మీదుగానే వెనక్కి రావాలి. పెద్దవాళ్లుంటే అయినా సరే లోర్టన్ వెళ్లండి. లేకపోతే మీకు ఫ్లోరిడా మాకంటే రెండు గంటలు దగ్గర, తెల్లవారుజామున బయల్దేరి జార్జియాలో సవానా దగ్గర రాత్రి ఆగండి. కారు అక్కర్లేదనుకుంటే రిచ్‌మండ్‌లో ఆగి ఫ్లోరిడా వెళ్లే మామూలు ఆమ్‌ట్రాక్ రైళ్లు ఉన్నాయి.

ప్రశ్న: అమెరికాలో కార్లు మోసే రైలు గురించి మా అబ్బాయి ఫోన్‌లో చెప్పాడు. మన దేశంలో అలాంటిది ఉందా? సంక్రాంతి తర్వాత హైదరాబాద్ నుంచి గోవా వెళ్దామనుకుంటున్నాం. నాకు రాత్రిపూట డ్రైవింగ్ కష్టం.
— ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: ఒకటి మొదలుపెట్టారండి, కానీ మీకు పనికొచ్చే దారిలో కాదు. కొంకణ్ రైల్వే 1999 నుంచి లారీలని రైలు మీద ఎక్కించి తీసుకెళ్తోంది. 2025 ఆగస్టులో, వినాయక చవితి రద్దీ కోసం, కార్లకి కూడా అలాంటి బండి నడిపింది. మహారాష్ట్రలోని కోలాడ్ నుంచి గోవాలోని వెర్నా వరకూ, సుమారు 12 గంటల రాత్రి ప్రయాణం. ఒక్కో బండిలో 40 కార్లకి చోటు, కారుకి 7,875 రూపాయలు, మనుషులకి టికెట్ వేరు. ముంబై, పుణె వాళ్లకి అది మంచి సదుపాయం. మీరు హైదరాబాద్ నుంచి కోలాడ్ చేరడానికి పట్టే సమయంలో గోవాకే దగ్గరలో ఉంటారు.

మీ వయసు రాయలేదు గానీ రాత్రి డ్రైవింగ్ కష్టమన్నారు కదా, అంత దూరం కారు తీసుకెళ్లకండి. సికింద్రాబాద్ నుంచి వాస్కోడిగామాకి వారానికి రెండుసార్లు నేరుగా రైలుంది. హాయిగా పడుకుని వెళ్లి, అక్కడ దిగాక కారు అద్దెకి తీసుకోండి. తీసుకునేటప్పుడు నంబరు ప్లేటు చూడండి. సొంతంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తక్కువకి ఇస్తామని తెల్ల ప్లేటు కారు చూపిస్తే వద్దని చెప్పండి. పోలీసులు ఆపితే ఇబ్బంది పడేది మీరు, ఏదైనా తగిలితే బీమా కూడా రాదు. తీసుకునే ముందు కారు చుట్టూ మీ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, లోర్టన్‌లో వాళ్లు తీసినట్టే.